పాత సైకిలు చక్రాన్ని ఇంట్లో సరిచేయడం: పుల్లల లాగుడు లెక్క

సైకిలు చక్రంలోంచి ఒక పుల్లను ఊడదీసి, నేల మీద నిటారుగా పెట్టి, పైనుంచి అరచేత్తో నొక్కి చూడండి. రెండు మిల్లీమీటర్ల మందమున్న ఆ ఉక్కు తీగ అయిదు కిలోల బరువుకు కూడా నిలవకుండా పక్కకు వంగిపోతుంది. అటువంటి పుల్లలే నలభై కలిసి, క్యారియర్‌కు ఇరువైపులా పాల క్యాన్లు కట్టుకుని తెల్లవారుజామున పల్లె నుంచి వచ్చే మనిషినీ, అతని క్యాన్లనూ, దారి పొడవునా తగిలే గుంతలనూ ఏళ్ల తరబడి భరిస్తాయి. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఆ పని ఇప్పుడు చాలావరకు మోటారు సైకిళ్లకు మారింది గాని, నల్లరంగు పాత సైకిళ్లు ఎన్నో ఇళ్ల పంచల్లో ఇంకా ఆనించి ఉన్నాయి. వాటిని మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవారికి మొదట అడ్డొచ్చేది తరచుగా చక్రమే. తొక్కుతుంటే అది ఒకసారి కుడి పక్కకూ ఒకసారి ఎడమ పక్కకూ ఊగుతుంది, టైరు ఫోర్కుకో మడ్‌గార్డుకో రాసుకుంటుంది, బ్రేకు ఒకచోట పట్టి ఒకచోట వదిలేస్తుంది.

ఆ చక్రాన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. దానికి కావలసిన సామాను ఖరీదైనదేమీ కాదు: నిప్పిళ్లు (పుల్ల కొనను రిమ్ముకు బిగించే చిన్న నట్లు) తిప్పే చిన్న కీ, ఒక స్క్రూడ్రైవరు, రెండు స్పానర్లు, కాస్త కిరోసిను, కాస్త నూనె. సాధారణంగా కొరవడేది సామాను కాదు, చక్రం ఏ బలంతో నిలబడి ఉందన్న అవగాహన. అది లేకుండా కీ పట్టుకున్నవారు ఎక్కడ వంకర కనిపిస్తే అక్కడ బిగిస్తూ పోతారు. గంట తర్వాత వంకర తగ్గినట్టే కనిపిస్తుంది గాని, చక్రం గుండ్రదనం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. నెల తిరక్కుండానే పుల్లలు తెగడం మొదలవుతుంది.

బరువును మోసేది ఏమిటి

నొక్కితే వంగే పుల్ల, లాగితే మాత్రం లొంగదు. మంచి ఉక్కు పుల్ల 200 కిలోలకు పైగా లాగుడును తెగకుండా తట్టుకోగలదు. చక్రం కట్టడమంటే ఈ ఒక్క గుణాన్ని వాడుకోవడమే. నిప్పిళ్లను బిగించినప్పుడు ప్రతి పుల్లా చక్రం నడుమ ఉండే హబ్బుకూ చుట్టూ ఉండే రిమ్ముకూ మధ్య పదుల కిలోల బలంతో సాగి ఉంటుంది. పుల్లలన్నీ ఒకేసారి లోపలికి లాగుతుండటంతో రిమ్ము చుట్టూ బిగుసుకుని గట్టిపడుతుంది. మనిషి ఎక్కి కూర్చోగానే నేలకు దగ్గరగా ఉన్న కొద్ది పుల్లల్లో ఆ లాగుడు కొంత తగ్గుతుంది, మిగిలిన పుల్లల్లో వచ్చే మార్పు చాలా స్వల్పం. బరువంతా పై పుల్లలకు వేలాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కింది పుల్లల్లో ముందే నింపి ఉంచిన లాగుడు ఆ బరువు మేరకు ఖర్చవుతుంది, చక్రం తిరిగి ఆ పుల్లలు పైకి వెళ్లగానే మళ్లీ నిండుతుంది.

ఈ లెక్క అర్థమైతే వదులు పుల్ల ఎందుకు ప్రమాదమో కూడా అర్థమవుతుంది. నిల్వ తక్కువగా ఉన్న పుల్ల కింది భాగానికి వచ్చిన ప్రతిసారీ పూర్తిగా సడలిపోతుంది. అలా సడలిన క్షణంలో రిమ్మును పక్కకు పోకుండా పట్టుకునే బలం ఆ చోట ఉండదు. నిప్పిలు తనంతట తానే కొంచెం కొంచెంగా వెనక్కి తిరుగుతుంది. హబ్బు రంధ్రంలో పుల్ల మెడ వంగి ఉన్న చోట ఉక్కు అటూ ఇటూ నలుగుతుంది. పుల్లలు ఎక్కువగా తెగేది ఆ మెడ దగ్గరే. అతిగా బిగించడం వల్ల తెగాయని జనం అనుకునే పుల్లల్లో చాలా భాగం నిజానికి వదులుగా ఉండి నలిగి తెగినవే. తిరుపతిలో ఓ పాత సైకిలు షాపు మేస్త్రీ దీన్ని తన మాటల్లో ఇలా చెప్పారు: "బిగించేది అందరికీ వచ్చు సామీ, ఎక్కడ వదలాలో అది తెలియాల."

నులక మంచం అల్లినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఒక మూల నులకను మిగిలినదానికంటే గట్టిగా లాగితే పట్టె మెలిపడి ఒక కోడు నేలకు ఆనదు. అప్పుడు ఎదుటి మూలను ఇంకా గట్టిగా లాగడం కంటే మొదటి మూలను కాస్త సడలించడమే దారి. చక్రంలోనూ ప్రతి పుల్లకూ ఎదురు పుల్ల ఉంటుంది. హబ్బు ఎడమ అంచు నుంచి వచ్చే పుల్ల రిమ్మును ఎడమకు లాగుతుంది, కుడి అంచు నుంచి వచ్చేది కుడికి లాగుతుంది. రిమ్ము నడిమధ్యలో నిలబడటమంటే ఈ రెండు లాగుళ్లూ ఒకదానికొకటి సరిపోవడం. అందుకే ఒక వైపు ఎంత బిగిస్తామో, రెండో వైపు అంత వదలాలి. ఈ నియమాన్ని పాటిస్తే చక్రంలోని మొత్తం లాగుడు మారకుండానే వంకర తీరుతుంది.

తీగ పుల్లల చక్రానికి యూజెన్ మేయర్ 1869లో పారిస్‌లో పేటెంటు పొందాడు. ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ 1874లో పుల్లలను హబ్బు నుంచి నేరుగా కాకుండా ఏటవాలుగా, ఒకదానిమీదుగా ఒకటి దాటిపోయేలా అమర్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన సైకిళ్లలో ఇప్పటికీ ఉన్నది ఆ అమరికే. చైను లాగే పళ్ల చక్రం, అంటే ఫ్రీవీలు, హబ్బును తిప్పినప్పుడు వెనక్కి వాలిన పుల్లలు రిమ్మును ముందుకు లాగుతాయి. పుల్లలు హబ్బు నుంచి నేరుగా వచ్చి ఉంటే తొక్కే బలానికి హబ్బు ఒక్కటే కాస్త మెలితిరిగి, పుల్లల మెడల మీద భారం పడేది. 1949లో ఏర్పడిన అంబత్తూరు టీఐ సైకిల్స్ వారి హెర్క్యులిస్ గాని, 1956 నుంచి లూథియానాలో తయారవుతున్న హీరో గాని, పెద్ద సైకిలుకు బ్రిటిష్ కొలతలనే కొనసాగించాయి: 28 × 1½ అంగుళాల టైరు, ముందు చక్రానికి 32 పుల్లలు, బరువు ఎక్కువ పడే వెనక చక్రానికి 40. దీనివల్ల మనకు కలిగిన మేలు చిన్నది కాదు. కంపెనీ మూతబడినా, మోడలు మారినా, దాని పుల్లా రిమ్మూ పక్క వీధి షాపులో దొరుకుతాయి.

బెండు నిజంగా చక్రంలోనే ఉందా

నిప్పిలు ముట్టుకునే ముందు పదిహేను నిమిషాలు పరీక్షకే కేటాయించాలి. సైకిలును సీటు, హ్యాండిలు మీద తలకిందులుగా నిలబెట్టి, చక్రాన్ని ఇరుసు దగ్గర కాక రిమ్ము దగ్గర పట్టుకుని పక్కలకు ఆడించండి. కటకటమని కదిలితే తప్పు హబ్బు కోన్లలో, అంటే ఇరుసు మీద బాల్సును అదిమి పట్టే మర బిళ్లల్లో ఉంది. కోను వదులైనా, బాల్సు అరిగినా, చక్కగా గుండ్రంగా ఉన్న రిమ్ము కూడా ఊగుతూ తిరుగుతుంది. దాన్ని పుల్లలతో సరిచేయబోతే లేని రోగానికి మందు వేసినట్టే. మన ప్రాంతంలో ఈ పరీక్షకు ఇంకో కారణమూ ఉంది. ఇక్కడ పెద్ద వానలు నవంబరు ప్రాంతంలో పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినట్టు నీళ్లు నిలిచినప్పుడు, ఇరుసు మట్టం దాకా నీటిలో ఉన్న సైకిలు హబ్బులోకి బురద నీరు చేరుతుంది, గ్రీజు పాడవుతుంది, తర్వాత ఎండాకాలమంతా లోపల తుప్పు పని చేసుకుపోతుంది. అటువంటి హబ్బును విప్పి, కిరోసినుతో కడిగి, బాల్సు మార్చి, కొత్త గ్రీజు పెట్టాలి. ముందు హబ్బుకు సాధారణంగా పక్కకు పది చిన్న బాల్సు, వెనక హబ్బుకు పక్కకు తొమ్మిది పావు అంగుళం బాల్సు పడతాయి. కొన్న బాల్సు పాతవాటి సైజేనని సరిచూసుకోండి. కోనును చేత్తో తిప్పగలిగినంత బిగించి, ఆట పోయీపోగానే ఆపి, లాక్ నట్టు వేయాలి. చక్రం తన బరువుతోనే తిరిగి, గాలి కొట్టే పిన్ను ఉన్న భాగం కిందికి వచ్చి నెమ్మదిగా ఊగి ఆగితే కోను సరిగ్గా కూర్చున్నట్టు.

రెండో అనుమానం టైరు మీద. టైరు అంచు రిమ్ములో ఒకచోట సరిగా కూర్చోకపోతే చక్రం తిరుగుతున్నప్పుడు టైరు పాములా ఊగుతుంది, చూసేవారు దాన్ని రిమ్ము వంకర అనుకుంటారు. కాబట్టి కళ్లు టైరు మీద కాక రిమ్ము అంచు మీద నిలపాలి.

మూడో అనుమానం ఫోర్కు మీద. రిమ్ము ఫోర్కు కాళ్లలో ఒకదానికి దగ్గరగా తిరుగుతుంటే, ముందు చక్రాన్ని తీసి, కుడి ఎడమలు మార్చి మళ్లీ బిగించి చూడండి. చక్రం తిప్పి పెట్టాక రిమ్ము రెండో కాలికి దగ్గరైతే తప్పు చక్రానిదే, రిమ్ము హబ్బుకు నడిమధ్యలో లేదు. తిప్పి పెట్టినా అదే కాలికి దగ్గరగా ఉంటే చక్రం సరిగానే ఉంది, ఫోర్కే వంగింది. దాన్ని షాపులోనే సరిచేయించాలి.

నిప్పిలు కదలాలి, పుల్ల మెలిపడకూడదు

పాత చక్రంతో అసలు కష్టం ఇక్కడే. పుల్ల మరలకూ నిప్పిలుకూ మధ్య తుప్పు పట్టి రెండూ ఒకటైపోయి ఉంటాయి. ప్రతి నిప్పిలు మొదట్లోనూ, నిప్పిలు రిమ్ములోకి దిగే చోటా ఒక్కొక్క చుక్క కిరోసిను వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఒక చుక్క నూనె వేసి, చక్రాన్ని నాలుగుసార్లు తిప్పి, మిగిలినదాన్ని పాత గుడ్డతో శుభ్రంగా తుడవండి. నూనె టైరుకూ ట్యూబుకూ తగిలితే రబ్బరు పాడవుతుంది, బ్రేకు పట్టే చోట మిగిలితే బ్రేకు జారుతుంది. పని పెద్దదైతే టైరూ ట్యూబూ తీసేసి మొదలుపెట్టడమే మేలు. అప్పుడు లోపలి వైపు నుంచి నిప్పిలు తల మీది గాడిలో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పే వీలు కూడా ఉంటుంది.

కీ నిప్పిలుకు గట్టిగా సరిపోవాలి. కొంచెం వదులుగా ఉన్న కీతో తుప్పు నిప్పిలును తిప్పితే నాలుగు పలకలూ అరిగి గుండ్రమవుతాయి, ఆ తర్వాత దాన్ని ఏ కీతోనూ పట్టుకోలేం. మరో ఇబ్బంది కంటికి కనబడదు. నిప్పిలు తిరిగినట్టే ఉంటుంది గాని, మరలో జారక పుల్లే దానితో పాటు మెలిపడుతుంది. కీ తీసేశాక, లేదా మొదటిసారి తొక్కగానే, ఆ మెలి వెనక్కి విప్పుకుని మన శ్రమంతా పోతుంది. దీన్ని పట్టుకోవడానికి మంచి ఉపాయం ఉంది: పుల్ల మీద, నిప్పిలుకు రెండంగుళాల దూరంలో, ఇన్సులేషన్ టేపు ముక్కను చిన్న జెండాలా అంటించండి. నిప్పిలు తిప్పుతుంటే జెండా కదలకుండా ఉంటే మర పని చేస్తోంది. జెండా కూడా తిరుగుతుంటే పుల్ల మెలిపడుతోంది. కొద్దిపాటి మెలి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, కావలసినదానికంటే కాస్త ఎక్కువ తిప్పి, జెండా తన చోటికి వచ్చేదాకా వెనక్కి తేవాలి.

నిప్పిలు ఏ వైపు తిప్పితే బిగుస్తుందన్నది చాలామందిని తికమకపెట్టే విషయం. టైరు వైపు నుంచి స్క్రూడ్రైవరు పెట్టినట్టు ఊహించుకోండి: గడియారం ముల్లు తిరిగే దిక్కున తిప్పితే బిగుస్తుంది. మనం మామూలుగా హబ్బు వైపు నుంచి చూస్తూ తిప్పుతాం కనుక అదే కదలిక మనకు ఎదురు దిక్కున కనిపిస్తుంది. ఒక పూర్తి చుట్టుకు నిప్పిలు పుల్ల మీద అర మిల్లీమీటరు కంటే కాస్త తక్కువ జరుగుతుంది. పావు చుట్టు అంటే మిల్లీమీటరులో పదో వంతు. ఇంత చిన్న కదలిక సరిపోతుందా అనిపిస్తుంది గాని, పావు చుట్టుకే పుల్ల మోగే శబ్దం మారిపోతుంది.

శబ్దమే ఇక్కడ మనకున్న కొలబద్ద. చక్రం నెమ్మదిగా తిప్పుతూ ప్రతి పుల్లనూ వేలితో మీటి వినండి. బిగువుగా ఉన్నది సన్నగా మోగుతుంది, వదులుగా ఉన్నది బొంగురుగా పలుకుతుంది, పూర్తిగా సడలినది పలకనే పలకదు. ఒక వైపు పుల్లలను అదే వైపు పుల్లలతో మాత్రమే పోల్చాలి, ఎందుకంటే వెనక చక్రంలో ఫ్రీవీలుకు చోటివ్వడానికి చైను వైపు హబ్బు అంచు రిమ్ము నడిమికి దగ్గరగా ఉంటుంది, అందువల్ల ఆ వైపు పుల్లలు కొంచెం ఎక్కువ బిగువుగా ఉండటం సహజం. సరిచేయడానికి ముందే, బొత్తిగా పలకని పుల్లలను పక్కవాటి శబ్దానికి దగ్గరగా వచ్చేదాకా బిగించండి. తరచుగా ఈ ఒక్క పనితోనే వంకరలో సగం పోతుంది.

ముందు ఎత్తుపల్లాలు, తర్వాత పక్క వంకర

రిమ్ము ఎంత వంకరపోయిందో చూడటానికి ప్రత్యేకమైన స్టాండు అక్కర్లేదు, తలకిందులుగా నిలబెట్టిన సైకిలే స్టాండు. ఫోర్కు కాలికి ఒక బాల్‌పెన్ రీఫిల్‌ను రబ్బరు బ్యాండ్లతో కట్టి, దాని కొన రిమ్ము అంచుకు ఒక వెంట్రుక దూరంలో ఉండేలా జరపండి. చక్రం తిప్పితే ఏ చోట రిమ్ము కొనను రాసుకుంటుందో, ఏ చోట దూరంగా పోతుందో తెలుస్తుంది. రాసుకున్న చోట చాక్‌పీసుతో గీత పెట్టండి. సైకిలు తలకిందులుగా ఉన్నప్పుడు కుడి ఎడమలు తారుమారై పొరపాట్లు జరుగుతాయి కాబట్టి, మనసులో "చైను వైపు", "చైను లేని వైపు" అని పేరు పెట్టుకుని పని చేయడం మంచిది.

మొదట గుండ్రదనం. రీఫిల్‌ను రిమ్ముకు అడ్డంగా, టైరు కూర్చునే అంచుకు దగ్గరగా పెట్టి చూస్తే రిమ్ము ఒకచోట హబ్బుకు దూరంగా ఉబ్బి, ఒకచోట లోపలికి దిగి కనిపిస్తుంది. ఉబ్బిన చోట రెండు వైపుల పుల్లలనూ జంటగా, సమానంగా బిగించాలి. దిగిన చోట రెండు వైపులనూ సమానంగా వదలాలి. జంటగా అన్నది ముఖ్యం, ఒక వైపే బిగిస్తే ఉబ్బు తగ్గుతూ కొత్తగా పక్క వంకర పుడుతుంది. గుండ్రదనాన్ని ముందు సరిచేయమనడానికి కారణం, దానికి కావలసిన మార్పు పెద్దది. పక్క వంకరను ముందు చక్కదిద్దుకుని తర్వాత ఎత్తుపల్లాల జోలికి వెళ్తే చేసిన పని చెదిరిపోతుంది. కడ్డీ బ్రేకులున్న పాత సైకిలుకు గుండ్రదనం మరింత అవసరం. ఆ బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కలను కాక, హబ్బు వైపు చూసే లోపలి ముఖాన్ని పట్టుకుంటాయి. రిమ్ము ఎత్తుపల్లాలుగా ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా సైకిలు కుదుపుతో ఆగుతుంది.

ఇక పక్క వంకర. ఉదాహరణకు, రిమ్ము ఆరు పుల్లల మేర చైను వైపుకు మూడు మిల్లీమీటర్లు పోయిందనుకుందాం. ఆ భాగం నడుమ ఉన్న రెండు పుల్లల్లో, చైను లేని వైపు నుంచి వచ్చినదాన్ని అర చుట్టు బిగించి, చైను వైపు నుంచి వచ్చినదాన్ని అర చుట్టు వదలండి. వాటికి అటూ ఇటూ ఉన్న పుల్లలకు పావు చుట్టు చొప్పున అదే పని చేయండి. చక్రం తిప్పి చూడండి. వంకర మూడు నుంచి రెండుకు తగ్గి ఉంటుంది. అక్కడే ఉండి మిగిలిన రెండు మిల్లీమీటర్లనూ ఒకేసారి తీసేయాలనిపిస్తుంది, అది వద్దు. చక్రంలో తర్వాతి పెద్ద వంకర దగ్గరికి వెళ్లి దాన్ని కొంత తగ్గించి, చుట్టూ తిరిగి మళ్లీ ఇక్కడికి రండి. ఒకచోటి బిగువు అటూ ఇటూ పుల్లలన్నిటినీ తాకుతుంది కాబట్టి, చక్రమంతా కొద్దికొద్దిగా మెరుగవుతూ రావాలి. ఎడమకు పోయిన చోటూ, కుడికి పోయిన చోటూ పక్కపక్కనే ఉంటే వాటి మధ్య పుల్లలను ముట్టుకోకపోవడం మంచిది. రెండు చివరలూ సర్దుకుంటే నడుమ భాగం తనంతట సర్దుకుంటుంది.

మధ్యమధ్యలో రెండు పనులు మరచిపోకూడదు. ఒకటి, చక్రాన్ని తిప్పి పెట్టి రిమ్ము నడిమధ్యలోనే ఉందో లేదో చూసుకోవడం. పక్కకు జరిగి ఉంటే, జరిగిన వైపు పుల్లలన్నిటినీ పావు చుట్టు వదిలి, రెండో వైపు పుల్లలన్నిటినీ పావు చుట్టు బిగిస్తే రిమ్ము మొత్తంగా మధ్యకు వస్తుంది. వెనక చక్రంలో నడిమధ్య అంటే ఇరుసు మీది లాక్ నట్ల మధ్య, హబ్బు అంచుల మధ్య కాదు. రెండోది, గ్లౌజులు గాని మందపాటి గుడ్డ గాని చేతికి వేసుకుని, ఒకే వైపున ఇంచుమించు సమాంతరంగా ఉన్న రెండేసి పుల్లలను పిడికిట్లో గట్టిగా పిండడం. అప్పుడు టిక్కుమని చిన్న శబ్దాలు వస్తాయి. మెలిపడిన పుల్లలు విప్పుకుంటాయి, మెడలు హబ్బు రంధ్రాల్లో సరిగా కూర్చుంటాయి. చక్రం చుట్టూ అలా పిండి మళ్లీ రీఫిల్ కొనతో చూస్తే కొంచెం వంకర తిరిగి వచ్చి ఉంటుంది. అది రోడ్డు మీద వచ్చేకంటే ఇంట్లో రావడమే నయం.

ఎంతవరకు సరిచేయాలన్నది కూడా నిర్ణయించుకోవాలి. కడ్డీ బ్రేకుల పాత సైకిలుకు పక్క వంకర రెండు మిల్లీమీటర్ల లోపుంటే, టైరు ఎక్కడా రాసుకోకపోతే, చాలునని నా అభిప్రాయం. రిమ్ము పక్కలను పట్టే బ్రేకులైతే ఒక మిల్లీమీటరు లోపుకు తేవాలి. పాత ఉక్కు రిమ్ము అతుకు దగ్గర చిన్న ఎత్తు పుట్టుకతోనే ఉంటుంది, దాన్ని పుల్లలతో పోగొట్టాలని పట్టుబడితే మిగిలిన చక్రం పాడవుతుంది. చూపుకు తిన్నగా ఉన్నా పుల్లల శబ్దాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్న చక్రం కంటే, ఒక మిల్లీమీటరు ఊగినా పుల్లలన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో మోగే చక్రమే ఎక్కువ కాలం నిలుస్తుంది.

రిమ్మే వంగితే

పుల్ల లాగగలదు గాని తోయలేదు. పుల్లలతో సరిపడే వంకరకూ, సరిపడని వంకరకూ తేడా ఈ ఒక్క మాటలో ఉంది. గుంతలో దబ్బున పడినప్పుడు రిమ్ము లోపలికి నొక్కుకుపోతే, ఆ చోట పుల్లలను ఎంత వదిలినా బయటికి నెట్టే బలం వాటికి లేదు. అనుమానం ఉంటే తేల్చుకునే పద్ధతి సులభం: వంకర ఉన్న చోట పుల్లలను పూర్తిగా వదులు చేసి చూడండి. రిమ్ము తనంతట తిన్నగా వస్తే తప్పు లాగుడులో ఉంది. అలాగే వంగి ఉంటే లోహమే వంగింది. లోహం వంగిన రిమ్మును పుల్లలతో తిన్నగా లాగి ఉంచితే ఆ చోట ఒక వైపు పుల్లలు తెగేంత బిగువుగా, రెండో వైపు పలకనంత వదులుగా ఉండిపోతాయి.

ఉక్కు రిమ్ము పక్కకు వంగితే కొంతవరకు తిరిగి వంచవచ్చు. టైరు తీసి, ఆ చోట పుల్లలు వదులు చేసి, వంపు పైకి వచ్చేలా చక్రాన్ని పడుకోబెట్టి, వంపుకు అటూ ఇటూ కింద చెక్క దిమ్మెలు పెట్టి, రెండు చేతులతో కొద్దికొద్దిగా నొక్కాలి. సుత్తి వాడితే మధ్యలో చెక్క ముక్క ఉండాలి. నిప్పిలు రంధ్రాల చుట్టూ పగుళ్లున్నా, తుప్పుకు రిమ్ము పలచబడినా, చక్రం మొత్తం మెలితిరిగి ఎదురుబొదురు భాగాలు వేరువేరు దిక్కులకు పోయినా, దాని మీద శ్రమ పెట్టకుండా కొత్త రిమ్ము తెచ్చుకోండి. కొనేటప్పుడు అంగుళాల లెక్కను నమ్మవద్దు, టైరు పక్కన అచ్చు వేసిన మిల్లీమీటర్ల సంఖ్య చూడండి. పాత పెద్ద సైకిలుది 635. 28 అంగుళాలనే పేరుతోనే వచ్చే కొత్త సైకిళ్ల రిమ్ము 622, ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. 26 అంగుళాలలోనూ 559, 590 అని వేరువేరు కొలతలున్నాయి. రంధ్రాల సంఖ్య సరిపోవాలి, కడ్డీ బ్రేకులుంటే దానికి తగిన రిమ్మే కావాలి. ఎత్తు కొలత కూడా పాతదానితో సమానమైతే, కొత్త రిమ్మును పాతదాని పక్కన టేపుతో కట్టి, పుల్లలన్నీ వదులు చేసి, ఒక్కొక్కటిగా ఇటునుంచి అటు మార్చుకోవచ్చు. అల్లిక చెదరదు కనుక కొత్తవారికి ఇదే సులువు.

తెగిన పుల్ల స్థానంలో కొత్తది వేయడానికి పాత పుల్లనే షాపుకు తీసుకెళ్లండి. పొడవును మెడ వంపు లోపలి నుంచి మర చివరి దాకా కొలుస్తారు. వెనక చక్రంలో చైను వైపు పుల్ల తెగితే ఫ్రీవీలు విప్పక తప్పదు. కొత్త పుల్లను పక్కవాటిలాగే, అవి దాటే చోట పైనుంచో కిందినుంచో అదే వరసలో దాటించాలి. నిప్పిలు ఎంతకూ కదలని పుల్లను కటింగ్ ప్లేయరుతో తుంచేయాల్సి వస్తే ముందు కళ్లకు అద్దాలు పెట్టుకోండి, ఎందుకంటే బిగువు మీదున్న పుల్ల తెగగానే ముక్క ఎగిరిపడుతుంది.

టైరు ఎక్కించే ముందు రిమ్ము లోపల వేలితో తడిమి చూడాలి. బిగించిన పుల్ల కొన నిప్పిలు తల దాటి పైకి వచ్చి ఉంటే దాన్ని ఆకురాయితో అరగదీసి, రిమ్ము టేపును తిరిగి వేయండి. కొత్తగా సరిచేసిన చక్రం రెండు రోజుల్లో పంక్చరై, రంధ్రం ట్యూబుకు రోడ్డు వైపు కాక లోపలి వైపు, అంటే రిమ్మును ఆనుకునే వైపు కనిపిస్తే, కారణం తుమ్మముల్లు కాదు, పుల్ల కొనే.

మొదటి రెండు మూడు రోజులు తొక్కాక మళ్లీ ఒకసారి పుల్లలన్నీ మీటి చూడాలి. కొత్త పుల్లలు సర్దుకుని కొంత వదులవుతాయి, అప్పుడు పావు చుట్టు చొప్పున సరిచేస్తే తర్వాత చాలాకాలం ముట్టుకోనక్కర్లేదు. అలా చేసినా అదే చక్రంలో నెలకొకటి చొప్పున పుల్లలు మెడ దగ్గర తెగుతుంటే ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవడంలో అర్థం లేదు. పెద్ద సైకిలు చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు, అంటే కిలోమీటరుకు దాదాపు 450 చుట్లు. రోజుకు పది కిలోమీటర్లు, ఏడాదిలో 300 రోజులు తొక్కినవారి చక్రంలో ప్రతి పుల్లా ఏడాదికి 13 లక్షల సార్లకు పైగా సడలి బిగుస్తుంది. ఏళ్ల తరబడి వదులుగా నడిచిన చక్రంలో ఆ అలసట ఒక్క పుల్లలో ఉండి మిగిలినవాటిలో లేకపోదు. అటువంటప్పుడు హబ్బు, రిమ్ము బాగుంటే వాటిని ఉంచుకుని, 32 గాని 40 గాని పుల్లలన్నీ నిప్పిళ్లతో సహా ఒకేసారి మార్చించడమే సరైన పని. కొత్త అల్లిక చేయి తిరిగిన మేస్త్రీ చేతనే వేయించండి, తర్వాతి బిగువులు ఇంట్లో చూసుకోవచ్చు.